గొర్రెపిల్లను ఎత్తుకున్న పిల్ల

ఆగస్టు 10, శనివారం

ఈ వేళ కుంచె పట్టాను. యాభై ఏడేళ్లకి.

రాజోలు బస్టాండు వెనక గంగబాబుగారి కొట్టు. ఒకప్పుడు ఆయన బోర్డులు రాసేవారు, సినిమా హాళ్లకి బేనర్లు వేసేవారు, తీర్థాల ముందు రథాలకి రంగులు వేసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక పడవల మీద పేర్లు, లారీల వెనక బొమ్మలు మిగిలాయి. ఆయిల్ రంగులు తెలిసిన మనిషి ఈ చుట్టుపక్కల ఆయనొక్కరేనని మా తమ్ముడు ఇశ్రాయేలు కూతురు షైనీ వాకబు చేసి చెప్పింది. దానికి ఈ అత్త పిచ్చి అర్థమైంది, తండ్రికి ఇంకా కాలేదు.

ఏం నేర్చుకుంటారు, పువ్వులా, సీనరీలా అని అడిగారు గంగబాబుగారు. ఒక్క బొమ్మే నేర్చుకుంటానన్నాను. పశువుల పాక, తొట్టిలో బాలయేసు, మరియమ్మ, యోసేపు, ముగ్గురు కాపరులు, ఎద్దు, గాడిద, గొర్రెలు, ఒక ఆడపిల్ల. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు.

"ఒకటో తరగతి లేకుండా తిన్నగా డిగ్రీ అన్నమాటండి, టీచరుగారూ."

నవంబరు పదిహేడుకి కావాలని చెప్పాను.

"ఆయ్" అన్నారు. ఒప్పుకోవడమో వెటకారమో తెలియలేదు.

ఆగస్టు 11, ఆదివారం

మందిరంలో పాటలు పాడుతున్నంతసేపూ ఖాళీ గోడే చూశాను. తప్పే. క్షమించమని అడిగాను.

నవంబరు పదిహేడున మందిరానికి నూరేళ్లు. సంఘం కార్యదర్శి మా ఇశ్రాయేలే. ఆ గోడకి ఫ్లెక్సీ వేయిస్తామని కమిటీలో అనుకున్నారట. నాన్నగారు వేసిన బొమ్మ ఉన్నచోట ఫ్లెక్సీ ఎందుకు, నేను వేసి ఇస్తాను అన్నాను. నోరు జారింది. జారాక వెనక్కి తీసుకోలేదు.

వేసేటప్పుడు పనికొస్తుంది, గుర్తున్నది రాసి పెట్టుకుంటాను.

నాన్నగారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. 1987 వేసవి సెలవుల్లో వేశారు. మిషను దొరసానిగారు వాళ్ల దేశం వెళ్లిపోతూ ఇచ్చిన పుస్తకంలో ఎప్పటిదో పరదేశపు పటం ఉంది, దాన్ని చూసి. పటంలో మనుషులు పరదేశులు. నాన్నగారు మాత్రం మొహాలన్నీ మా పేటవాళ్లవి పెట్టారు. ముగ్గురు కాపరులూ అప్పట్లో కోతలకి వెళ్లే మనవాళ్లు. ఎద్దుకి ఆ పటంలో మూపురం లేదు, మా ఎద్దుకి ఉంది. మరియమ్మ మొహం అమ్మది. అమ్మ పోయి అప్పటికి ఏడేళ్లు. చేతులు నావి. రోజూ రెండు గంటలు ఖాళీ చేటని ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డని పట్టుకున్నట్టు కూర్చునేదాన్ని.

కుడివైపు చివర, గొర్రెపిల్లని గుండెలకి అదుముకుని నిలబడ్డ పిల్ల పుష్ప. నా చెల్లెలు పుష్పలత. అప్పటికి పదిహేనేళ్లు.

రెండేళ్ల కిందటి వరదకి మందిరంలో కిటికీల దాకా నీళ్లొచ్చి నాలుగు రోజులు నిలిచిపోయాయి. బొమ్మ ఉబ్బి, పొట్టు పొట్టుగా రాలిపోయింది. ఆఖరికి ఒక గొర్రె వీపు మిగిలింది.

ఒక్క గీత కూడా మర్చిపోలేదు నేను.

ఆగస్టు 17

మూడు గంటలూ కోడిగుడ్డు గీయించారు. వెలుగు ఎటు, నీడ ఎటు. గుడ్డు వచ్చినవాడికి మొహం వస్తుందట.

ఆగస్టు 24

గుడ్డే.

ఆగస్టు 31, శనివారం

మొహం నేర్పడం మొదలుపెట్టారు. ముందు గోధుమ రంగుని టర్పెంటైనుతో పల్చగా చేసి నీడలన్నీ వేసుకోవాలి. అది ఆరాక నూనె కలిపిన రంగు. పైకి వెళ్లేకొద్దీ నూనె పెరగాలి, కిందది పల్చగా ఉండాలి. తొందరపడి చిక్కటి రంగు మీద పల్చటి రంగు వేస్తే పైది పగిలిపోతుంది.

అవిసె నూనె సీసా మూత తీసేసరికి కొట్టంతా నాన్నగారే. ఆ రోజుల్లో రంగులు నర్సాపురంలో దొరికేవి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి వెళ్లేవారు. మేము ముగ్గురం ఒడ్డున కూర్చుని తిరిగొచ్చే పంటు కోసం చూసేవాళ్లం. ట్యూబులు జేబు రుమాల్లో చుట్టి తెచ్చేవారు. పుష్ప ఒక్కొక్క మూతా తీసి వాసన చూసేది. నీలం వాసన వేరే, ఎరుపు వాసన వేరే అని వాదించేది. అన్నీ ఒకటే వాసన అని నేను.

ఈవేళ చూశాను. వేరే.

సెప్టెంబరు 8, ఆదివారం

బొమ్మ పని ఇంటికి మార్చాం. నాలుగడుగుల గుడ్డ. గంగబాబుగారే చెక్క చట్రానికి బిగించి, జిగురు పూసి, తెల్లరంగు రెండు పూతలు వేసి ఇచ్చారు. ఇకమీదట శనివారాలు ఆయనే మా ఇంటికి వస్తారు. దొరసానిగారి పుస్తకం చెదలకి పోయింది గాని, ఆ పటం షైనీకి ఫోనులో దొరికింది. అచ్చు తీయించి, గళ్లు గీసి, గళ్ల ప్రకారం గుడ్డ మీదకి దించాను. మొహాలు మటుకు ఖాళీగా ఉంచాను.

పచ్చిరంగుకి దోమలు అంటుకుంటున్నాయి. నా మంచం దోమతెర తీసి బొమ్మకి కట్టాను. నేను ఫ్యాను కింద పడుకుంటున్నాను.

ఇశ్రాయేలు వచ్చి చూసి, దోమతెరలో పెళ్లికూతుర్ని కూర్చోబెట్టేవేంటి పెద్దక్కా అన్నాడు. కుడివైపు చివర ఖాళీని చూపించి, అక్కడ ఇంకో గొర్రెని పెట్టు అన్నాడు.

ప్రార్థన చేసుకుని పడుకున్నాను.

సెప్టెంబరు 14

గంగబాబుగారు ఎద్దు నేర్పించారు. నేను నీళ్లు తాగొచ్చేలోపు కొమ్ములకి ఇత్తడి కుప్పెలు తొడిగేశారు, మెడలో మువ్వలపట్టెడ కట్టేశారు. బేత్లెహేములో అవి ఉండవండి అన్నాను. పుట్టింది దేవుడు గదండీ, ఆ మాత్రం ముస్తాబు చెయ్యరా అన్నారు. మువ్వలు తుడిపించాను. ఒక కుప్పె మటుకు ఉండనిచ్చాను, నాన్నగారైతే నవ్వేవారని.

సెప్టెంబరు 15

వాన. ఆరలేదు.

సెప్టెంబరు 17

వాన.

సెప్టెంబరు 22, ఆదివారం

గాడిద కుదరటం లేదు. నాన్నగారికి రజకుల గాడిద దొరికింది. ఇప్పుడు కోనసీమంతా వెతికినా గాడిద లేదు. అద్దంలో చూసుకుంటే సరిపోతుందండి, నేనైతే అలాగే వేస్తాను అన్నారు గంగబాబుగారు. నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో.

సెప్టెంబరు 28, శనివారం

మరియమ్మ చేతులు. ఖాళీ చేట ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేతిని చూస్తూ కుడి చేత్తో వేశాను. కుడిది అద్దంలో ఎడమదాన్నే చూసి వేశాను. నరాలు, కణుపులు, అన్నీ వచ్చాయి. పద్దెనిమిదేళ్ల తల్లికి యాభై ఏళ్ల చేతులు పెట్టేరేంటండి అన్నారు గంగబాబుగారు. ఉన్నవి అవే అన్నాను. ఆయన చాలాసేపు చూసి, ఉండనివ్వండి అన్నారు.

అమ్మ మొహం తేలిగ్గా వచ్చింది. కళ్లు మూసుకుంటే చాలు.

పుష్ప మొహం రావడం లేదు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. హిందువుల కుర్రాడు రాంబాబుని పెళ్లి చేసుకుని వెళ్లిపోయిననాడే నాన్నగారు అన్నీ తీయించేశారు. ఆయన కోపం అటువంటిది.

అక్టోబరు 5

ఇద్దరు కాపరులు అయ్యారు.

పుష్ప రావులపాలెంలో ఉంటుంది. వాళ్లాయనకి అరటిగెలల కమీషను కొట్టు. ఇక్కడి నుంచి బస్సులో గంటన్నర. నాన్నగారు పోయిన నాడు వచ్చింది. గేటు దాకా వచ్చి, నాన్నగారి మొహం చూడకుండానే వెళ్లిపోయింది. ఇరవై అయిదేళ్లు అయింది. మొదటి నుంచీ తొందర మనిషి.

అక్టోబరు 9

పుష్ప నవ్వితే కుడి కన్ను ముందు మూసుకునేది. అది గుర్తుంది. మిగతా మొహం అక్కడి నుంచి కట్టుకోవాలి.

అక్టోబరు 12, శనివారం

షైనీకి చిన్నత్త పోలిక అని పేటంతా అంటారు, ఇశ్రాయేలు లేనప్పుడు. దాన్నే నిలబెట్టాను. పక్కింటి మేకపిల్లని తెచ్చి ఇస్తే అది ఊరుకోలేదు, తలగడ ఇచ్చాను.

నిలబడ్డంతసేపూ అడుగుతూనే ఉంది. చిన్నత్త పాటలు పాడేదా, పొడుగా పొట్టా, మామయ్య ఎలా ఉంటాడు. నాకు తెలిసినవి చెప్పాను. ఆ వేసవిలో నాన్నగారు అప్పు తెచ్చిన గొర్రెపిల్ల పుష్ప పరికిణీ మీద పోసేసిందని, కదలకు అని నాన్నగారు కేకలేస్తుంటే అది కదలకుండా నిలబడి పడీపడీ నవ్విందని, ఆ నవ్వే బొమ్మలోకి వచ్చేసిందని చెప్పాను. ఆ సాయంత్రం పరికిణీ ఉతికింది నేను. పనసకాయ కోశారు ఆ రోజు. నూనె చేతులతోనే తొనలు వలిచాం. ఇశ్రాయేలుకి పదకొండేళ్లు. తొనలన్నీ చిన్నక్క ఒళ్లో కూర్చుని తినేవాడు. చిన్నక్క తప్ప ఇంకెవరూ పిక్క తీసి పెట్టకూడదు వాడికి.

"మరి నాన్నకి చిన్నత్తంటే అంత కోపం ఎందుకత్తా?"

తాతయ్యగారి మొహం చూడ్డానికి ఆగలేదని, అన్నాను.

"ఎందుకాగలేదు?"

కదలకు అన్నాను.

అక్టోబరు 19

కళ్లు తప్ప అయింది. కళ్లు వేసి తుడిచాను. మళ్లీ వేసి తుడిచాను. షైనీ కళ్లే వస్తున్నాయి.

అక్టోబరు 26, శనివారం

ఇది వివరంగా రాసుకోవాలి.

గంగబాబుగారు వచ్చేసరికి కళ్లతో ఓడిపోయి కూర్చున్నాను. నేను చెప్తూ ఉంటాను, మీరు వెయ్యండి అన్నాను. కుడి కన్ను కొంచెం ముడవాలి, కింది రెప్ప పైకి రావాలి, బుగ్గ ఎత్తుగా. ఆయన చిన్న కుంచె తీసుకున్నారు. నాలుగు గీతలు. పుష్ప.

టీ పెడతానని లోపలికి వెళ్లాను. టీ మరిగినంతసేపూ పొయ్యి దగ్గరే నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఆయన కుంచెలు కడుక్కుంటున్నారు. పిల్ల నుదుట ఎర్రటి బొట్టు ఉంది.

నేను చూస్తున్నది చూసి ఆయనా చూశారు. కడుగుతున్న కుంచె కింద పెట్టేశారు.

"తప్పయిపోయిందండి. నలభై ఏళ్ల అలవాటండి. ఆడమనిషి మొహం అయిపోయిందంటే ఆఖర్న బొట్టు పెట్టి కుంచె కడిగేస్తామండి. బొట్టు పెడితేనే బొమ్మ అయినట్టండి మాకు. చెయ్యి దానంతటది పెట్టేసింది."

గుడ్డముక్క టర్పెంటైనులో ముంచి చెయ్యి చాపారు. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. పరాయి మగమనిషి చెయ్యి పట్టుకోవడం ఈ వయసులో అదే మొదలు.

"ఉండనివ్వండి. నేను తుడుచుకుంటాను."

"ఎరుపు తొందరగా ఆరదండి. పది పన్నెండు రోజులు టైముంది. ఆరేక మటుకు తుడిస్తే కింద చర్మం కూడా వచ్చేస్తుంది."

ఆయన వెళ్లాక దోమతెర దించాను. రేపు తుడుస్తాను.

అక్టోబరు 27

మందిరం నుంచి వచ్చేసరికి మోకాళ్ల నొప్పి. రేపు.

అక్టోబరు 28

చిటికెన వేలుతో అంచున తాకి చూశాను. పచ్చిగానే ఉంది. రేపు.

అక్టోబరు 29, మంగళవారం

ఇశ్రాయేలు చూశాడు. తెర ఎత్తి, కాపరుల్ని ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచాడు, సంబరంగానే. మూడోవాడి దగ్గర ఆగి, ఈ తాత నాకు తాటిముంజలు ఇచ్చేవాడు అన్నాడు. ఆ తర్వాత కుడివైపుకి వచ్చాడు.

"షైనీ కాదు ఇది."

"కాదు."

"తుడిచెయ్యి పెద్దక్కా."

బొట్టా, మనిషినా అని అడిగాను. రెండూ అన్నాడు. మందిరంలో బొట్టుతో బొమ్మ పెడితే కమిటీకి ఏం చెప్పుకోను అన్నాడు. నిజమే. వాడి గొంతు మటుకు కమిటీది కాదు.

"నాన్న శవం లోపల ఉండగా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిన మనిషి. దాన్ని యేసుప్రభువు పక్కన నిలబెడతావా నువ్వు?"

వాడు అలా అన్నప్పుడు నేను చెప్పాల్సింది. చెప్పలేదు. అన్నం తిని వెళ్లు అన్నాను. తినకుండా వెళ్లాడు.

అక్టోబరు 30

ప్రార్థనకి కూర్చుంటే మాట రావడం లేదు. మోకాళ్లూనడం, లేవడం.

అక్టోబరు 31, గురువారం

ఎదురు వీధిలో దీపావళి. పిల్లలు కాకరపువ్వొత్తులు కాలుస్తున్నారు. దోమతెరలోంచి పిల్ల నవ్వుతూనే ఉంది.

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

పుష్ప తొందరపడి వెళ్లలేదు. రావులపాలెం నుంచి బస్సులో, దారిపొడుగునా ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బి వచ్చింది. జనమంతా లోపల ఉన్నారు. పాట పాడుతున్నారు. గేటు దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. అది నన్ను పట్టుకోబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆ బొట్టు తుడుచుకుని లోపలికి రా" అన్నాను.

నాన్నగారు ఆ మాట ఎన్నడూ అనలేదు. ఫోటోలు తీయించింది కూడా ఆయన కాదు. ఆయన రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు, అంతే. ఫోటోలు నేనే తీశాను, ఆయన కంటపడి బాధపడతారని. ఆయన అడిగితే ఎక్కడో ఉన్నాయన్నాను.

అది నా మొహం వైపు చూసింది. బొట్టు తుడుచుకోలేదు. వచ్చిన దారినే వెళ్లింది. చెప్పులు లేవు కాళ్లకి.

లోపలికి వెళితే ఇశ్రాయేలు అడిగాడు, చిన్నక్క గొంతు విన్నట్టుంది అని. ఆగలేదురా, వెళ్లిపోయింది అన్నాను.

ఆ ఒక్క మాటే అన్నాను. ఇరవై అయిదేళ్లు.

నవంబరు 2, శనివారం

సమాధుల పండుగ. ఏటా నాన్నగారి సమాధికి సున్నం నేనూ ఇశ్రాయేలూ వేస్తాం. వాడు తలవైపు, నేను కాళ్లవైపు. పేటంతా అక్కడే, ఎవరి సమాధి దగ్గర వాళ్లు. పక్కన ఎవరూ లేకుండా చూసి చెప్పాను.

"ఆవేళ పుష్ప తనంతట తను వెళ్లలేదు. బొట్టు తుడుచుకుంటేనే లోపలికి రమ్మని గేటు దగ్గర నేను ఆపేను."

వాడి కుంచె ఆగలేదు. శిలువ మీద ఒక పక్క వేసి, రెండో పక్క వేసి, అప్పుడు ఆగింది.

"ఆగలేదని చెప్పేవు నాతో."

"చెప్పేను."

"కొత్తపేటలో ఓ పెళ్లిలో ఎదురొచ్చింది పెద్దక్కా. షైనీ చంటిది అప్పటికి, నా భుజం మీద ఉంది. తమ్ముడూ, పిల్లని ఒకసారి ఇవ్వరా అంది." సున్నం చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "నేను మొహం తిప్పుకుని వచ్చేసేను."

ఈ సంగతి నాకు తెలియదు. వాడు నాకెప్పుడూ చెప్పలేదు.

తిట్టినా బాగుండేది. బకెట్టు అక్కడే వదిలేసి బండి తీసుకుని వెళ్లిపోయాడు. మిగతా సగం కూడా నేనే వేశాను. కొవ్వొత్తులు షైనీ వెలిగించింది.

నవంబరు 4

ఇశ్రాయేలు రాలేదు.

నవంబరు 5

గంగబాబుగారు ఫోను చేశారు, తుడిచేరా అండి అని. ఇంకా లేదన్నాను. ఇక రెండు మూడు రోజులేనండి అన్నారు.

గుడ్డముక్క బల్ల మీదే ఉంది.

నవంబరు 6

పచ్చి.

నవంబరు 7

కొంచెం అంటుకుంటోంది వేలికి.

నవంబరు 8, శుక్రవారం

అంటుకోలేదు.

నవంబరు 9, శనివారం

రావులపాలెం వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. ఏం మాట్లాడాలో బస్సులో మూడుసార్లు అనుకున్నాను. కొత్తపేట దాటేసరికి అన్నీ పోయాయి.

గెలల మార్కెట్లో అడిగితే ఎవరో తీసుకెళ్లారు. రాంబాబుగారు జుట్టంతా తెల్లబడి, లారీ పక్కన నిలబడి గెలలు చూస్తున్నారు. నన్ను పోల్చుకోవడానికి క్షణం పట్టింది. రండి వదినగారూ అన్నారు. ఆ మనిషి నోటి నుంచి ఆ పిలుపు నేను వినడం అదే మొదలు. కుర్చీ తెప్పించి, కొబ్బరి బొండం కొట్టించి, ఆమెని పిలుస్తానని లోపలికి వెళ్లారు. మళ్లీ మా మధ్యకి రాలేదు.

పుష్ప కొట్టు వెనక ఇంట్లోంచి వచ్చింది. లావెక్కింది. మోకాలు పట్టుకుని మెట్టు దిగుతోంది, నాలాగే. నుదుట బొట్టు ఉంది.

"ఏం పెద్దక్కా, దారి తప్పేవా?"

కూర్చోమన్నాను, అది తన ఇల్లన్న సంగతి మర్చిపోయి. కూర్చుంది.

ఆవేళ గేటు దగ్గర నేను చేసింది తప్పు అని చెప్పాను.

"నాకు తెలుసుగా. నేను అక్కడే ఉన్నాను" అంది.

ఇశ్రాయేలుకి తెలియదు, నువ్వే ఆగలేదని చెప్పాను, మొన్నటి దాకా అదే నిజమనుకున్నాడు అన్నాను. ఆ సంగతి పుష్పకి తెలియదు. నా వైపు చూడటం మానేసింది. చీర కొంగు అంచుని వేలికి చుట్టుకుంది, విప్పింది.

"అందుకా" అంది. అంతే.

బయట గెలలు దించుతున్నారు. లెక్క గట్టిగా చెబుతున్నారు ఎవరో. లెక్క అయిపోయి, లారీ తలుపు వేసిన చప్పుడయింది.

"నాన్న మొహం ఎలా ఉంది ఆవేళ?"

ఇన్నేళ్లలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. అక్కడున్న వాళ్లందరూ చూశారు కదా. నాకు చెప్పడం వచ్చేది కాదు కూడా, మూడు నెలల కిందటైతే. ఇప్పుడు వెలుగు ఎటు నుంచి పడిందో దగ్గర్నుంచి చెప్పాను. తూర్పు కిటికీ నుంచి. కుడి చెంప మీద వెలుగు, ఎడమ చెంప గుంట పడి నీడగా ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, ఎవరినో పిలవబోయి ఆగినట్టుంది. కనుబొమలు పైకి లేచి ఉన్నాయి, బొమ్మ నచ్చినప్పుడు లేచినట్టు. కుడిచేతి గోళ్లలో నీలం ఉండిపోయింది. కడిగినా పోలేదు.

"గడ్డం ఎవరు చేసేరు?"

"ఇశ్రాయేలు."

"వాడి చెయ్యి వణికి ఉంటుంది."

"చుబుకం కింద తెగింది. రక్తం రాలేదు."

పుష్ప లేచి లోపలికి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు. చాలాసేపటికి వచ్చింది. నుదురు తడిగా ఉంది, బొట్టు అలాగే ఉంది. బస్సు ఎన్నింటికి అని అడిగింది. పదిహేడో తారీఖున మందిరానికి రమ్మన్నాను. అరటిపళ్ల అత్తం ఒకటి సంచిలో పెట్టి ఇచ్చింది.

నవంబరు 10

బలహీనంగా ఉంది. మందిరానికి వెళ్లాను గాని వెనక కూర్చున్నాను.

నవంబరు 14

ఇశ్రాయేలు ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చి బొమ్మని ఆటోలో ఎక్కించాడు. దుప్పటి కప్పి, తాళ్లతో కట్టి, ఆటో వెనకాలే బండి మీద వెళ్లాడు. నాతో మాట్లాడలేదు. బొట్టు చూశాడు. తుడవమని అనలేదు. ఫ్లెక్సీ సంగతి నేను అడగలేదు.

నవంబరు 17, ఆదివారం

నూరేళ్ల పండుగ అయింది. దేవునికి స్తోత్రం.

బొమ్మ గోడ మీద ఉంది. మేకులు ఇశ్రాయేలే కొట్టాడట, నిన్న మధ్యాహ్నం, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా. మందిరం నిండిపోయింది. మనవలు తాతల్ని వెతుక్కున్నారు. మూడో కాపరి మా తాతంటే మా తాతని రెండు ఇళ్లవాళ్లు పందెం వేసుకున్నారు. ఎద్దు కొమ్ముకి కుప్పె చూసి నవ్వారు. గంగబాబుగారు ఇస్త్రీ చొక్కాలో వచ్చి, ఆఖరి బల్ల మీద కూర్చుని, ఎవరేమంటారో అని అందరి మొహాలూ చూస్తూ కూర్చున్నారు.

కార్యదర్శి నివేదిక చదువుతుంటే పెద్దాయన ఒకరు లేచి అడిగారు. అన్నీ బాగున్నాయి గాని బాబూ, ఆ చివర బొట్టు పెట్టుకున్న పిల్ల ఎవరు, మనవాళ్లేనా అని.

ఇశ్రాయేలు కాగితం మీంచి తల ఎత్తాడు. నేను తల దించుకున్నాను.

"మా చిన్నక్కండి. పేరు పుష్పలత. రావులపాలెంలో ఉంటుందండి."

ఆ తర్వాత కాగితంలో మిగతాది చదివాడు. కొత్త బల్లలు, ప్రహరీ గోడ మరమ్మతు. గొంతు సరిగ్గానే ఉంది.

పుష్ప రాలేదు. వస్తానని అనలేదు కూడా. రెండుసార్లు గుమ్మం వైపు చూశాను, మూడుసార్లు.

భోజనాల దగ్గర ఇశ్రాయేలు నా విస్తట్లో అన్నం వడ్డించి, చాలా పెద్దక్కా అన్నాడు. పదిహేను రోజుల్లో మొదటి మాట. చాలు అన్నాను.

నవంబరు 18, సోమవారం

పొద్దున్న ప్రార్థన ముగించేసరికి ఫోను. కొత్త నంబరు. నంబరు ఎక్కడ సంపాదించిందో, షైనీ వాళ్ల చిన్నత్తకి బొమ్మ ఫోటో పంపిందట, నన్నడక్కుండా.

"గొర్రెపిల్లని నాకు కుడిచేతిలో పెట్టేవేంటి పెద్దక్కా?"

పలకరింపు లేదు, ఏమీ లేదు.

నాన్నగారు అలాగే వేశారు, నాకు బాగా గుర్తు అన్నాను.

"ఎడం చేత్తో ఎత్తుకున్నట్టు వేసేరు నాన్న. రెండు నెలలు నిలబడింది నేనమ్మా, నువ్వు కాదు. సాయంత్రమయ్యేసరికి ఆ చెయ్యి తిమ్మిరెక్కిపోయేది."

అప్పుడు గుర్తొచ్చింది. పుష్పది ఎడమచేతి వాటం. పలక మీద రాసేటప్పుడు, అన్నం కలుపుకునేటప్పుడు ఆ చేతి మీద కొట్టింది నేను. అమ్మ పోయాక అవన్నీ నా పనులే అనుకున్నాను. నాన్నగారు ఎన్నడూ కొట్టలేదు. ఆయన అది ఎలా నిలబడితే అలా వేశారు. నేను దాన్ని సరిదిద్ది వేశాను. తెలియకుండానే.

"దించి మళ్లీ వేస్తాను. నువ్వు వచ్చి నిలబడాలి" అన్నాను.

"ఈ వయసులోనా? ఈ నడుముతోనా?"

"చెయ్యి చాలు."

అవతల పళ్లెం ఏదో కింద పెట్టిన చప్పుడు. ఎవరితోనో ఏదో అంది, నాకు వినపడలేదు. మళ్లీ ఫోనులోకి వచ్చింది.

"మార్కెట్టు లేని రోజు చూసుకోవాలి నేను. ఆదివారం పొద్దున్న అయితే కుదురుతుంది."

ఆదివారం పొద్దున్న ఆరాధన. ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క ఆదివారం మానలేదు నేను. అది దానికీ తెలుసు. మాట నోటి దాకా వచ్చింది.

"రా" అన్నాను.